తల విరిగిన స్తంభము

అమరావతి స్తూపస్థలమున దొరికి మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరిన రాళ్లలో ఒక అష్టకోణ స్తంభపు తునక కలదు. దాని పైభాగము విరిగిపోయినది. ఎనిమిది ముఖములలో మూడింటి మీద అక్షరములున్నవి. భాష సంస్కృతము, లిపి తెలుగు, కన్నడ లిపుల పూర్వరూపములకు సంబంధించినది, శాతవాహనుల నాటి బ్రాహ్మికి అనేక శతాబ్దముల తరువాతిది. అమరావతి పేరు వినగానే మనకు తోచునవి పద్మములు, జాతక కథలు, బోధివృక్షమునకు మ్రొక్కు స్త్రీలు. ఆ శిల్పముల నడుమ వట్టి అక్షరములు గల తునక ముందు నిలుచువారు తక్కువ. కాని గ్రంథరచన చేయువారికి, ప్రత్యేకించి పద్యము వ్రాయువారికి, ఈ తునక చెప్పగలిగినంత ఆ శిల్పములు చెప్పవు.

దీనిని మొదట చదువబోయిన వారికి ఇది చిక్కు ముడిగ కనిపించినది. అక్షరములు తెలియుచున్నవి, పదములును తెలియుచున్నవి. అయినను ఒక పంక్తి ముగిసి తరువాతి పంక్తికి పోయినచో అన్వయము కుదురదు. ప్రతి పంక్తియు సగములో తెగినట్లు తోచును. శిల్పి తప్పు చెక్కినాడనుటయో, వ్రాయించినవానికి సంస్కృతము రాదనుటయో అట్టి సమయమున సులభమైన సమాధానము. ప్రభుత్వ శాసన పరిశోధకుడైన డాక్టరు హుల్ట్ష్ ఆ సులభ మార్గమును త్రొక్కలేదు. కొన్ని పంక్తుల మొదటి మాటలు వాని క్రింది పంక్తుల చివరి మాటలతో అతుకుచున్నవని ఆయన గమనించెను. అనగా క్రింది పంక్తి ముందుది, పై పంక్తి తరువాతది. శాసనము స్తంభపు అడుగున మొదలై పైకి నడచుచున్నది. అక్షరములు తలక్రిందులు కావు. అవి నిటారుగనే ఉన్నవి. పంక్తుల వరుస మాత్రమే మనకు అలవాటైన దానికి విరుద్ధము. అట్లు అడుగునుండి చదువగా పదునొకండు సంపూర్ణ శ్లోకములును, వాని తరువాత ఒక గద్యభాగమును బయటపడినవి. 1890లో వెలువడిన దక్షిణ హిందూదేశ శాసనముల మొదటి సంపుటములో ఈ పాఠమును ఆయన ప్రకటించెను.

ఈ పరిష్కారమునకు వెంటనే ఒక ఫలితము కలిగినది. స్తంభపు తల విరిగినది. పైనుండి చదువుదుమనుకొన్నచో పోయినది శాసనపు ఆరంభము. ప్రార్థన శ్లోకమో, ఒక బిరుదావళియో పోయినదని సరిపెట్టుకొనవచ్చును. అడుగునుండి చదువవలెనని తేలిన తరువాత పోయినది ముగింపు అని తెలిసినది. శాసనమునకు ముగింపు అన్నిటికంటె ముఖ్యమైన చోటు. దానము, దాత, ప్రతిగ్రహీత, కాలము తరచుగ అక్కడనే ఉండును. రాయి విరిగిన చోటు మారలేదు, విరిగిన రాయి పరిమాణమును మారలేదు. చదువు దిక్కు మారగానే నష్టపు స్వభావము మారినది.

ఇట్లేల చెక్కించిరో శాసనము చెప్పదు. స్తంభము ముందు నిలిచినవానికి అడుగు పంక్తులే దగ్గరగ ఉండునని ఒక ఊహ చేయవచ్చును. వంశమనగా వెదురు అని కూడ అర్థము గలదు గనుక, వంశావళి మొదలునుండి చివురునకు ప్రాకుటలో ఔచిత్యమున్నదని చమత్కారముగ అనవచ్చును. ఈ శాసనము పల్లవులది, పల్లవమనగా చివురు. కాని ఇది చమత్కారమే గాని ప్రమాణము కాదు.

ఈ రాయి అక్కడికి చేరిన త్రోవను గూర్చి కొంత చెప్పవలెను. కృష్ణ కుడిగట్టున ధరణికోట ప్రక్కనున్న దీపాలదిన్నె అను మట్టిగుట్ట మహాచైత్యపు శిథిలము. పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణమును కట్టించినప్పుడు ఆ దిన్నెలోని రాళ్లు వెలికి వచ్చినవి. కొన్ని కట్టడములకు పోయినవి. 1797లో కర్నల్ మెకంజీ చూచెను. 1816లో మరల వచ్చి పటములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియట్టు త్రవ్వించి పెక్కు శిలలను మద్రాసునకు పంపెను. అవి అక్కడ ఏండ్ల తరబడి ఎండకు వానకు ఓర్చి, పిమ్మట పెక్కు లండను చేరినవి. 1877లో స్యూయెల్, 1881-82లో బర్జెస్ త్రవ్వించిరి. మన స్తంభము బర్జెస్ త్రవ్వకములలో దొరికినది. వీరందరు పాలరాయి అని వ్యవహరించిన ఆ రాయి నిజమునకు పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ చాయ గల మెత్తని రాయి గనుక ఉలికి లొంగును. సన్నని అక్షరమును పట్టి నిలుపును. గట్టిదెబ్బకు పలకలుగ విచ్చిపోవుటయు దాని గుణమే.

ఇక శాసనపు కథ. మొదటి శ్లోకము శ్రీఘనుని పాదధూళి కాపాడవలెనను మంగళాశాసనము. శ్రీఘనుడనగా బుద్ధుడు; అమరకోశము చదివిన వారికి ఈ పేరు క్రొత్త కాదు. ఇట్లు బుద్ధునితో ఆరంభించిన కవి వెంటనే బ్రహ్మ వద్దకు పోవును. బ్రహ్మ నుండి భరద్వాజుడు, అతని నుండి అంగిరసుడు, తరువాత సుధాముడు, అటుపిమ్మట ద్రోణుడు. సంతానము కొఱకు ద్రోణుడు అష్టమూర్తియైన శివుని గూర్చి తపస్సు చేసెను, అశ్వత్థామ పుట్టెను. బౌద్ధక్షేత్రమున నిలువబోవు స్తంభముపై శివుని వరముతో వంశము నిలుచుట నాటివారికి వింతగ తోచినట్లు లేదు. ఆ రెంటిని కలుపుటకు కవి ఒక్క మాటయైన వెచ్చింపలేదు. మతముల నడుమ గోడలు కట్టి చరిత్ర వ్రాయువారు ఈ మౌనమును గమనింపవలెను.

తరువాతి శ్లోకములే ఇందలి కవిత్వము. మదని అను అప్సరస చెలులతో కూడ మునుల ఆశ్రమములు చూడవచ్చి అశ్వత్థామ కంటబడును. ఆమె అశోకవనమున కూర్చుండి కొలనులోని హంసలను చూచుచున్నది. గాలికి తామరలు కదలి ఆడుహంసలు వాని చాటునకు పోయినప్పుడెల్ల మగహంసలు ఎడబాటు కలిగినదని బెదరుచున్నవి. శాసనకవి ఇచ్చట తొందరపడలేదు. వంశకర్తల పట్టికను ఒక్కొక్క మాటతో దాటించినవాడు ఈ కొలనుగట్టున మాత్రము ఆగినాడు. ఇంకను కలియని జంటకు ముందే విరహమును హంసలయందు చూపుట తేలికైన పని కాదు. ఆమె అతనిని చూచినది. శివుని చూచిన ఉమవలె వశము తప్పినది. చెలులు వారిని జతపరచిరి. పుట్టిన బిడ్డ చివురుల ప్రోగుపై పరుండియుండగా చూచి తండ్రి వానికి పల్లవుడని పేరు పెట్టెను.

పల్లవుల తామ్రశాసనములలో ఈ పురాణ వంశావళి వేరు రూపములలో కనిపించును. కాశాకుడి శాసనము వంటి వానిలో బ్రహ్మ, అంగిరసుడు, బృహస్పతి, శంయువు, భరద్వాజుడు, ద్రోణుడు అను వరుస కలదు. ఇచ్చట భరద్వాజుడు ముందునకు వచ్చెను. చరిత్రలోని రాజుల వరుసయు అంతే: మహేంద్రవర్మ, సింహవర్మ, అర్కవర్మ, ఉగ్రవర్మ, సింహవిష్ణువు కుమారుడు నందివర్మ, ఆ పిమ్మట మరియొక సింహవర్మ. కంచి పల్లవుల చరిత్ర నెరిగినవారికి సింహవిష్ణువు కుమారుడు మొదటి మహేంద్రవర్మ. అర్కవర్మ, ఉగ్రవర్మలకు ఆ వరుసలో తావు లేదు. అందుచేత ఈ స్తంభమును రాజుల కాలనిర్ణయమునకు ఆధారముగ గ్రహించుట క్షేమము కాదు. పేర్లు వినికిడిగ నిలిచి వరుస మరచిపోయిన కాలమున ఎవరో కూర్చినట్లున్నది.

అట్లని పల్లవులకు ఈ నేలతో సంబంధము కల్పితమని అనరాదు. పలనాటిలోని మంచికల్లు ప్రాకృత శాసనము సింహవర్మ అను పల్లవునిదే. శివస్కందవర్మ యువరాజుగ నుండి ఇచ్చిన మైదవోలు తామ్రశాసనము ధంఞకడలోని అధికారికి వ్రాసిన ఆజ్ఞ. ఆ ధంఞకడయే సంస్కృతములో ధాన్యకటకమైనది. మన స్తంభము దానిని ధాన్యఘటమని పిలుచుచున్నది. కటకమను రాజధాని ఘటమను కుండగ మారినది. ధాన్యకటకపు ప్రాభవము తగ్గి పేరు మాత్రము మిగిలిన కాలపు జాడ ఇందులో ఉన్నదేమో అనిపించును.

శ్లోకములు ముగిసి గద్యము వచ్చును. సింహవర్మ దిగ్విజయమునకు బయలుదేరి, తన కీర్తిని నిలుపుటకై సుమేరు శిఖరము చేరెను. లోకమంతయు తిరిగిన అలసట తీరుటకు ఆ బంగారు చరియలలోని చందన వృక్షముల నీడలో కొన్నాళ్లు ఉండెను. ఇంతవరకు రాజశాసనముల అలవాటైన అతిశయోక్తియే. తిరుగు ప్రయాణమున భాగీరథిని, గోదావరిని, కృష్ణవేర్ణను దాటెను. ఇచ్చట భూగోళము నిజమైనది. ఉత్తరమునుండి దక్షిణమునకు వచ్చువాడు ఆ నదులను ఆ వరుసలోనే దాటవలెను. కృష్ణ దాటగానే వీతరాగుని నెలవైన ధాన్యఘటము కంటబడినది. ఆ చోటు అతని యాత్రకు లక్ష్యమని శాసనము చెప్పదు. కుతూహలముతో చూచెను, క్షేత్రమును కాచు దేవతలకు వినయముతో మ్రొక్కెను, ఏకాంతమైన చోట ధర్మోపదేశము వినెను. జయించి వచ్చిన రాజు నడక ఇచ్చట నెమ్మదించినది. సుమేరువుపై నిలిచిన కీర్తికంటె ఈ వినికిడి మీదనే గద్యము ఎక్కువ శ్రద్ధ చూపుచున్నది.

విన్న తరువాత రాజు పలికెను: తానును ఈ చోటనే, మణులతో, వెండి బంగారములతో అలంకరింపబడిన భగవంతుని ప్రతిమను నిలుపుదునని. అందులకు భగవంతుడు మెచ్చుకొని, ఉపాసకుడా అని సింహవర్మను పేరుపెట్టి పిలిచి, ఈ పరమ బుద్ధక్షేత్రమున అని మొదలుపెట్టును. బౌద్ధ సూత్రములు చదివిన వారికి ఈ మెచ్చుకోలు పరిచితమే. ప్రశ్నించినవానిని, సంకల్పించినవానిని అట్లే సంబోధింతురు. శాసనకర్త సూత్రపు ఒరవడిని రాజశాసనమునకు తెచ్చెను. ఆ తరువాత ధాన్యఘటకమును పేర్కొను కొన్ని మాటలు మిగిలినవి. అటుపై రాయి లేదు.

ఎంత పోయినది? ఈ ప్రశ్నకు శాసనపు మొదటి భాగమునకు వర్తించు కొలత తరువాతి భాగమునకు వర్తింపదు. వృత్తమున అక్షరములకు లెక్క కలదు. నాలుగవ పాదమున ఐదక్షరములు చెరిగినచో ఐదే చెరిగినవని, అందు ఏవి గురువులో ఏవి లఘువులో అనియు చెప్పవచ్చును. పంక్తుల వరుస తలక్రిందులైనను శ్లోకము తన పాదములను తానే వెదకికొని నిలుచును. అడుగునుండి చదివినప్పుడు పదునొకండు శ్లోకములు ఏ లోటును లేక నిండుటయే ఆ చదువు సరియైనదనుటకు గట్టి నిదర్శనము. గద్యమునకు అట్టి కావలి లేదు. విరిగిన చోటు గద్యమున పడినది. రెండు పంక్తులు పోయినవో, ఇరువది పోయినవో చెప్పగల సాధనము వాక్యములో లేదు. స్తంభపు మొత్తము ఎత్తు తెలిసిననే తప్ప ఊహకును ఆధారముండదు.

తెలుగువారికి ఈ సంగతి మరింత దగ్గరిది. మన ఛందస్సు సంస్కృతముకంటె ఎక్కువ కాపలాదారులను పెట్టుకొన్నది. 848 నాటి పండరంగని అద్దంకి శాసనము తరువోజ. ద్విపద పాదములు రెండేసి జతపడిన కొలత. యుద్ధమల్లుని బెజవాడ శాసనము మధ్యాక్కరలు. రాతిపై ఇవి గద్యమువలె ఎడతెగక చెక్కబడినను, యతి ఒక చోటను ప్రాస మరియొక చోటను అక్షరమును పట్టుకొనుట వలన పాదములను విడదీయ వీలైనది. రెండవ అక్షరము చెరిగినను తక్కిన మూడు పాదములు దానిని చెప్పును. యతిప్రాసలు భాషకు సంకెలలని వాదించునప్పుడు, వాదము ఎటు తేలినను, అవి రాతిమీద చేసిన ఈ సేవను లెక్కలో వేసికొనుట న్యాయము. వచనము వ్రాయువారికి ఈ భద్రత లేదు. వారి మాట అచ్చుప్రతుల సంఖ్యను నమ్ముకొని బ్రతుకవలసినదే.

విరిగిన అంచు ఎంత బరువు మోయగలదో తెలియుటకు అమరావతి రాళ్లలోనే మరియొక ఉదాహరణ కలదు. అది మన భాషనే తాకును. వేటూరి ప్రభాకర శాస్త్రిగారు అచ్చటి ఒక రాతిపై నాగబు అను మాటను గుర్తించి, అది తెలుగు పదమని చెప్పిరి. నాటినుండి అది లభ్యమైన తొలి తెలుగు మాటగ పేరొందినది. వాదము బలహీనమైనది కాదు. ప్రాచీన లేఖకులు నిండుసున్నను తరచు విడిచిపెట్టుదురు. దానిని పూరించినచో నాగంబు. వృక్షంబు, వనంబు అను మన కావ్యభాషలోని ంబు ప్రత్యయము, ఇప్పటి ము వర్ణకమునకు పూర్వరూపము, అందు కనిపించును. నాగశబ్దము సంస్కృతమైనను దానికి తగిలిన తోక తెలుగు. భాష ఉనికికి తోక చాలును. నామపదములు దేశదేశములు తిరుగును గాని ప్రత్యయములు ఇల్లు కదలవు.

అయితే ఈ వాదమంతయు బు అను అక్షరముతో మాట ముగిసినదను నమ్మకముపై నిలిచియున్నది. అమరావతి దాతల పేర్లలో బుద్ధి, బుద్ధరక్షిత వంటివి కలవు. నాగ శబ్దముతో మొదలగు పేర్లును కలవు. మాట అక్కడితో ముగియక, తరువాతి అక్షరములు పోయినవైనచో, అది నాగబుద్ధి వంటి మనిషి పేరు కావచ్చును. అప్పుడు ప్రత్యయము లేదు, తెలుగును లేదు. పల్లవ స్తంభమున ముగింపు పోయినదని మనకు తెలియును. వాక్యము నడుమ తెగుటయే సాక్ష్యము. మూడక్షరముల మాటకు అట్టి సాక్ష్యము లోపలినుండి దొరకదు. అందుచేత నాగబు ప్రస్తావన వచ్చినప్పుడు తొలి తెలుగు మాట అని మాత్రము వ్రాసి ఊరకొనక, ఆ నిర్ణయము దేనిపై ఆధారపడినదో ఒక వాక్యములో చెప్పుట మంచిది. భాష ప్రాచీనతకు దాని వలన వచ్చు లోపము లేదు. రేనాటి చోళుల కాలమునుండి నిండు తెలుగు వాక్యములతో శాసనములున్నవి. అంతకు పూర్వపు ప్రాకృత శాసనములలో ఊరి పేర్లు మన భాష నేలపై ఉన్నదని చెప్పుచునే యున్నవి.

సింహవర్మ వాగ్దానము నెరవేరినదా? తునక వద్ద సమాధానము లేదు. ధాన్యకటకమున బుద్ధుని పూజ మాత్రము చాల కాలము నడచినది. 1182లో కోట కేతరాజు వేయించిన శాసనము అమరేశ్వరాలయపు స్తంభముపై ఉన్నది. ఎత్తైన చైత్యమును పేర్కొని, బుద్ధునికి గ్రామములను, అఖండదీపములను ఇచ్చినట్లు అది చెప్పును. శివాలయపు స్తంభముపై బుద్ధుని దీపములు! బుద్ధునితో మొదలిడి శివుని వరమును స్తుతించిన పల్లవ స్తంభమునకు ఇది తగిన పొరుగు. 1234లో బయ్యల అను రాజస్త్రీ మరియొక దీపము పెట్టించినది. 1344 నాటి సింహళమునందలి గడలదెణియ శాసనము, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని చెప్పుచున్నది. సముద్రము దాటి వచ్చిన భిక్షువు బాగుచేయించిన ఆ గృహములో మణులతో, వెండి బంగారములతో అలంకరింపబడిన ప్రతిమ ఒకటి నిలిచియుండెనేమో. అది సింహవర్మ మాట యిచ్చినదని చెప్పగలిగిన పంక్తి స్తంభపు తలతో కూడ పోయినది.